గ్రూపు మార్చాను, మర్నాడు మళ్ళీ అదే ఫోన్

మా ఆఫీసు లినక్స్ సర్వర్లో నలుగురం కలిసి వాడే ఫోల్డర్ ఒకటుంది. మొన్న జూనియర్ ఫోన్ చేసి, "అన్నా, ఫైల్ తెరుచుకుంటోంది గానీ సేవ్ కావట్లేదు, పర్మిషన్ డినైడ్ అంటోంది" అన్నాడు. ఇలాంటప్పుడు చాలామంది ట్రిపుల్ సెవెన్ (అంటే అందరికీ అన్ని హక్కులూ) కొట్టేసి చేతులు దులుపుకుంటారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే అది.

ఫైళ్ళ వివరాలు చూపే ఎల్ఎస్ హైఫన్ ఎల్ కొట్టి చూస్తే మూడో నిలువు వరసలో ఓనర్ పేరు, నాలుగో దాంట్లో గ్రూపు (ఫైల్ మీద ఒకే హక్కులుండే యూజర్ల జట్టు) పేరు కనిపిస్తాయి. ఆ ఫైల్ నేను పెట్టింది కాబట్టి రెండు చోట్లా నా పేరే ఉంది (గ్రూపు కూడా నా పేరుతో ఉన్న నా సొంత గ్రూపే), ఇక జూనియర్ రాసేదెలా? సీహెచ్‌జీఆర్‌పీ అని కొట్టి, గ్రూపు పేరు, ఫైల్ పేరు ఇస్తే ఫైల్ గ్రూపు మారుతుంది. ఫోల్డర్ మొత్తానికైతే మధ్యలో హైఫన్ క్యాపిటల్ ఆర్ చేర్చాలి. ఫైల్ మనదే అయితే రూట్ (అడ్మిన్) అక్కర్లేదు, కానీ ఏ గ్రూపుకి మారుస్తున్నామో అందులో మనమూ ఉండాలి. ఉన్నామో లేదో ఐడీ అని కొడితే చెబుతుంది.

లేకపోతే యూజర్‌మోడ్‌తో చేర్చాలి, ఇక్కడ మాత్రం కాస్త జాగ్రత్త. చిన్న ఏ, క్యాపిటల్ జీ రెండూ ఉండాలి. ఏ మర్చిపోతే కొత్త గ్రూపులో చేరుస్తూనే పాత అదనపు గ్రూపులన్నిట్లోంచీ తీసేస్తుంది. ఒకసారి నా అకౌంట్‌కే అలా చేసుకుని సుడో (అడ్మిన్ పనులు చేసే హక్కు) పోగొట్టుకున్నాను, రికవరీ మోడ్‌లోకి వెళ్ళి తెచ్చుకునేసరికి సాయంత్రం అయింది. చేర్చాక లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ కావాలి, లేదంటే ఏమీ మారనట్టే ఉంటుంది.

సరే, అన్నీ మార్చి హాయిగా ఇంటికెళ్ళాను. మర్నాడు మళ్ళీ అదే ఫోన్!

సంగతేమిటంటే, సీహెచ్‌జీఆర్‌పీ అప్పటికి ఉన్న ఫైళ్ళనే మారుస్తుంది. పొద్దున్నే నేను సృష్టించిన కొత్త ఫైల్ మామూలుగానే నా సొంత గ్రూపుతో పుట్టింది. దీనికి మందు ఫోల్డర్ మీద సెట్‌జీఐడీ, అంటే సీహెచ్‌మోడ్ (హక్కులు మార్చే కమాండ్) జీ ప్లస్ ఎస్. అది పెట్టాక లోపల పుట్టే ఫైళ్ళకి ఫోల్డర్ గ్రూపే వస్తుంది, కొత్త సబ్‌ఫోల్డర్లకి ఆ ఎస్ కూడా అంటుకుంటుంది. పాత సబ్‌ఫోల్డర్లకి మాత్రం మనమే పెట్టాలి. యూమాస్క్ (కొత్త ఫైళ్ళకి ఏ హక్కులు రాకూడదో చెప్పే సెట్టింగ్) 022 ఉంటే గ్రూపు సరిగ్గా వచ్చినా రాసే హక్కు రాదు, దాన్ని 002 చేశాను.

అయినా ఒక ఫైల్ మొండికేసింది. చూస్తే, దాన్ని నా హోమ్ ఫోల్డర్ నుంచి ఎంవీతో (ఫైల్‌ని తరలించే కమాండ్) తెచ్చాను. ఎంవీ పాత గ్రూపుని అలాగే మోసుకొస్తుంది, మామూలు సీపీ (కాపీ చేసే కమాండ్) అయితే కొత్త ఫైల్ తయారుచేస్తుంది కాబట్టి ఫోల్డర్ గ్రూపు వస్తుంది. ఇప్పుడు అందులోకి ఏది తెచ్చినా సీపీతోనే తెచ్చి, తర్వాత పాతది చెరిపేస్తున్నాం.