ఈగ గుడ్డులో బాణాల్ని నమ్మొద్దు

డెవలప్‌మెంటల్ బయాలజీ పుస్తకం ఏది తెరిచినా డ్రోసోఫిలా గుడ్డు బొమ్మ ఒకటి కనిపిస్తుంది. తలవైపు కొసన బైకాయిడ్, తోకవైపు కొసన ఆస్కార్, పైమూల గర్కెన్. మూడు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏలు (ప్రొటీన్ తయారీకి జీన్ నుంచి తీసిన నకళ్లు), మూడు రంగులు, ఒక్కోదానికి ఒక్కో బాణం. పరీక్షలో మార్కులకు ఆ బొమ్మ చాలు. మా ల్యాబ్‌కి కొత్తగా వచ్చే పిల్లలకు మాత్రం నేను ముందుగా చెప్పేది ఆ బాణాల్ని నమ్మొద్దని. లోపల జరిగేది దానికంటే చాలా గజిబిజిగా ఉంటుంది, నా కంటికి చాలా అందంగా కూడా ఉంటుంది.

డ్రోసోఫిలా అంటే మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే చిన్న ఈగే. తల్లి ఈగ కడుపులో గుడ్డు మొదలయ్యేటప్పుడు ఒక కణం నాలుగుసార్లు చీలి 16 అవుతుంది. అవి పూర్తిగా తెగిపోవు, ఒకదాన్నుంచి ఇంకోదానికి సన్నని దారులు తెరిచే ఉంటాయి. ఆ 16లో ఒక్కటే అండం అవుతుంది. మిగతా 15 పోషక కణాలు. అండం కేంద్రకం దాదాపు మూగగా ఉంటుంది కాబట్టి ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా ఆ 15 నుంచే రావాలి. డైనీన్ అనే మోటార్ ప్రొటీన్ దాన్ని ఆ దారుల గుండా అండంలోకి లాక్కొస్తుంది. పిండానికి తల ఎటు, తోక ఎటు, వీపు ఎటు అన్నది తల్లి గుడ్డు పెట్టకముందే, ఏ ఆర్‌ఎన్‌ఏ ఎక్కడికి చేరిందన్నదాన్ని బట్టి తేలిపోతుంది.

చూడాలంటే పెద్ద కష్టమేమీ లేదు. ఆడ ఈగలకు ముందురోజు ఈస్ట్ ముద్ద బాగా పెడితే అండాశయాలు నిండుగా ఎదుగుతాయి. కార్బన్ డయాక్సైడ్‌తో మత్తిచ్చి, ఒక ఫోర్‌సెప్స్‌తో ఛాతీ పట్టుకుని, రెండోదానితో పొట్ట కొసను మెల్లగా లాగితే రెండు తెల్లని గుత్తులు బయటికొస్తాయి. నూనె చుక్కలో పెట్టి సూదితో కదిపితే గుత్తి పోగులు పోగులుగా విడిపోతుంది. ప్రతి పోగుకీ ఒక కొసన కంటికి ఆననంత చిన్న గుడ్డు, ఇంకో కొసన దాదాపు పూర్తయిన అర మిల్లీమీటరు గుడ్డు, మధ్యలో వయసు ప్రకారం మిగతావి. మొత్తం 14 దశలుగా లెక్కపెడతాం. ఆస్కార్ ప్రయాణం చూడటానికి తొమ్మిదో దశ బాగుంటుంది.

ఆస్కార్ ఆర్‌ఎన్‌ఏకి మెరిసే ప్రొటీన్ తగిలించిన ఈగలు ఉంటాయి. వాటి గుడ్డును కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ కింద పెడితే పచ్చటి చుక్కలు కనిపిస్తాయి. చాలావరకు ఉన్నచోటే వణుకుతుంటాయి. ఒకటి ఉన్నట్టుండి తోకవైపు పరుగెత్తి ఆగిపోతుంది. దాని పక్కది తలవైపు పోతుంది. ఇంకోటి అడ్డంగా. 2008లో కేంబ్రిడ్జ్‌లో డేనియల్ సెంట్ జాన్‌స్టన్ బృందం ఈ పరుగుల్ని లెక్కగట్టింది. తోకవైపు వెళ్లేవి నూటికి 57 మాత్రమే. మోటార్లు నడిచే పట్టాల్లాంటి సన్నని గొట్టాలు, మైక్రోట్యూబ్యూల్స్, అన్ని దిక్కులకూ పరుచుకుని, తోకవైపు కాస్తంత మొగ్గుతో ఉంటాయి. కైనెసిన్ అనే ఇంకో మోటార్ వాటి మీద ఎటు దారుంటే అటే పోతుంది. తిరునాళ్లలో జనం ఎటుపడితే అటు తోసుకుంటున్నా, గుడివైపు వెళ్లేవాళ్లు కాస్త ఎక్కువుంటే చాలు, పొద్దుపోయేసరికి గుడి ముందు కిక్కిరిసిపోతుంది. ఇక్కడా అంతే. పైగా వెళ్లినవి తిరిగి రావు. తోకవైపు తయారయ్యే ఆస్కార్ ప్రొటీనే తన ఆర్‌ఎన్‌ఏని అక్కడ పట్టి ఉంచుతుంది.

ఇంతా చేసి, చేరేది ఎంత? 1999లో ఎలిజబెత్ గేవిస్ ల్యాబ్ కొలిచింది. పిండంలో ఉన్న ఆస్కార్ ఆర్‌ఎన్‌ఏలో తోకవైపు ఉన్నది నూటికి 18. నానోస్ అనే ఇంకో ఆర్‌ఎన్‌ఏ అయితే నూటికి 4. నానోస్‌కి మోటార్ అక్కర్లేదు. పోషక కణాలు తమలో ఉన్నదంతా అండంలోకి కుమ్మరించాక లోపల సుడులు తిరుగుతుంటే, కొట్టుకొచ్చిన కాస్త తోకవైపు చిక్కుకుంటుంది. మిగతా 96 గుడ్డంతా పరుచుకునే ఉంటుంది. అయినా పిండం చక్కగా ఎదుగుతుంది, ఎందుకంటే దారిలో ఉన్నవాటికి నోరు పెగలనివ్వరు. ఆస్కార్‌ను బ్రూనో, నానోస్‌ను స్మాగ్ అనే ప్రొటీన్లు పట్టుకుని ప్రొటీన్ తయారు కానివ్వవు. పాఠాల్లో రవాణాకి పెద్దపీట వేసి ఈ నోరు నొక్కే పనిని ఒక వాక్యంలో ముగించేస్తారు. నన్నడిగితే అసలు పట్టంతా ఇక్కడే ఉంది.

ఆస్కార్ ప్రొటీన్ తప్పుచోట తయారైతే ఏమవుతుందో 1992లో ఆన్ ఎఫ్రూసీ, రూత్ లేమన్ చేసిన ప్రయోగం చూపిస్తుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. ఆర్‌ఎన్‌ఏ ఎక్కడికి వెళ్లాలన్న సూచన ఎక్కువగా దాని చివరి ముక్కలో, ప్రొటీన్‌గా మారని భాగంలో ఉంటుంది. వాళ్లు ఆస్కార్ చివరి ముక్క తీసేసి బైకాయిడ్ ముక్క అతికించారు. ఆస్కార్ తలవైపు చేరింది. అక్కడ తల రాలేదు, ఛాతీ రాలేదు, అద్దంలో చూసినట్టు రెండో పొట్ట వచ్చింది. తర్వాతి తరాన్ని ఇచ్చే బీజకణాలు కూడా తలవైపే పుట్టాయి.

గర్కెన్ కథ వేరే రాయాలి. అది లేని తల్లుల గుడ్లకు వీపు మీద ఉండే రెండు కొమ్ములు ఉండవు. మామూలు డిసెక్షన్ మైక్రోస్కోప్ కిందే తేడా తెలిసిపోతుంది.

ఈ మధ్య మా ల్యాబ్ మీటింగుల్లో మాటలన్నీ ఆస్కార్ మొదటి ఇంట్రాన్ చుట్టూ తిరుగుతున్నాయి. ఇంట్రాన్ అంటే జీన్‌లో ఉండి, ఆర్‌ఎన్‌ఏ తయారయ్యాక కత్తిరించి పారేసే ముక్క. 2004లో హాషే, ఎఫ్రూసీ ఆ ఇంట్రాన్‌ను ముందే తీసేసిన జీన్‌ను ఈగల్లో పెట్టారు. మామూలు ఆస్కార్ ఆర్‌ఎన్‌ఏ నుంచి కూడా కేంద్రకంలో ఇంట్రాన్లు ఎలాగూ తెగిపోతాయి, కాబట్టి చివరికి తయారైన వరస ఒకటే. అయినా ఇది తోకవైపు చేరలేదు. ఇంట్రాన్ తెగి రెండు కొసలు అతికిన చోట కొన్ని ప్రొటీన్లు అంటుకుని ఆర్‌ఎన్‌ఏతో పాటే బయటికొస్తాయి. కోతే లేకపోతే అవీ ఉండవు. దీన్ని సొంత ఆస్కార్ ఆర్‌ఎన్‌ఏ బొత్తిగా లేని ఈగల్లోనే చూడాలి, లేకపోతే పెట్టినది దాని వెంటపడి చేరిపోతుంది. అలాంటి ఈగలు ఇప్పుడు మా ఇంక్యుబేటర్‌లో పెరుగుతున్నాయి. వీడియోలు తీశాక ఇక్కడే పెడతాను. చుక్కలు అసలు కదలడం మానేస్తాయా, లేక కదులుతూనే ఆ 57 కాస్తా 50కి పడిపోతుందా అన్నది మీరే చూడొచ్చు.