మూడుల్‌లో మనిషి మనిషికీ కోర్సు: పరవాడలో మేం చేసిన పద్ధతి

విశాఖపట్నం దగ్గరి పరవాడ ఫార్మా సిటీలో మా యూనిట్ భద్రతా శిక్షణను ఆన్‌లైన్‌కి మార్చినప్పుడు వాడింది మూడుల్ (Moodle), అంటే ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్. ఇది ఓపెన్‌సోర్స్, లైసెన్సు ఖర్చు లేదు. పాఠాలు తయారుచేయడం కన్నా ఎవరికి ఏ పాఠం ఇవ్వాలో తేల్చడానికే ఎక్కువ రోజులు పట్టింది.

ముందు సెక్షన్ వారీగా ఇచ్చాం. అది తప్పని తొందరగానే తెలిసింది. ప్రొడక్షన్‌లో ఉన్నవాళ్లంతా రియాక్టర్‌లోకి, అంటే రసాయనాలు కలిపే పెద్ద పాత్రలోకి, దిగరు. దిగేవాడికి ఒక పాఠం కావాలి, మ్యాన్‌హోల్ దగ్గర నిలబడి అతణ్ణి కనిపెట్టుకునేవాడికి ఇంకొకటి కావాలి. సాల్వెంట్ డ్రమ్ములు దించే కాంట్రాక్టు కార్మికుడికి అన్నిటికన్నా ముందు ఎర్తింగ్ క్లిప్పు (స్టాటిక్ కరెంటును నేలలోకి పంపేది) గురించి తెలియాలి. అందుకే సెక్షన్ పక్కనపెట్టి, మనిషి చేసే పనిని బట్టి జాబితా రాసుకున్నాం.

ఆ జాబితాను సీఎస్‌వీ ఫైలుగా (కామాలతో విడదీసిన పట్టికగా) మార్చి మూడుల్‌లోకి ఎక్కించాలి. ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. ఒక్క షిఫ్టులోనే ముగ్గురు అప్పలరాజులుంటారు, కాబట్టి పేరుతో మనిషిని గుర్తించలేం. యూజర్‌నేమ్‌గా ఉద్యోగి కోడ్ పెట్టాలి. ఎక్సెల్‌లో తెరిస్తే 00427 కాస్తా 427 అయిపోతుంది. మూడుల్ దాన్ని కొత్త మనిషి అనుకుని రెండో ఖాతా తెరుస్తుంది, పాత మార్కులు పాత ఖాతాలోనే ఉండిపోతాయి. కోడ్ టైపు చేయకముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చుకోవాలి. పేర్లు తెలుగులో ఉంటే ఫైలును యూటీఎఫ్-8 సీఎస్‌వీగానే సేవ్ చేయాలి, లేకపోతే అక్షరాల చోట ప్రశ్నార్థకాలు వస్తాయి.

ఈమెయిల్ తప్పనిసరి, అదీ మామూలుగా ఒక్కొక్కరికి వేరుగా ఉండాలి. చాలామందికి మెయిల్ లేదు. కొందరు పిల్లల మెయిల్ ఇస్తారు, పాస్‌వర్డ్ మర్చిపోయిన రోజున లింకు ఆ పిల్లలకు పోతుంది. మెయిల్ లేనివాళ్లకు ఉద్యోగి కోడ్‌తో మొదలై చివర డాట్ ఇన్‌వాలిడ్ వచ్చే చిరునామా పెట్టండి. అలాంటి చిరునామాలకు మూడుల్ అసలు ఉత్తరమే పంపదు. పాస్‌వర్డ్ ఫైలులోనే ఇచ్చి, మొదటి లాగిన్‌లో మార్చుకునేలా పెట్టాలి.

ఫైలులోని కోర్స్1 (course1) కాలమ్‌లో రాయాల్సింది కోర్సు పూర్తి పేరు కాదు, షార్ట్‌నేమ్, అంటే మూడుల్‌లో ఆ కోర్సుకు పెట్టిన పొట్టి పేరు. ఎన్‌రోల్‌పీరియడ్1 (enrolperiod1) కాలమ్‌లో గడువును రోజుల్లో ఇవ్వాలి. 30 అని రాస్తే ఎక్కించిన రోజు నుంచే లెక్క, లాగిన్ అయిన రోజు నుంచి కాదు. సంక్రాంతికి విజయనగరం, శ్రీకాకుళం వైపు ఊళ్లకు వెళ్లేవాళ్లుంటారు కాబట్టి పండగ ముందు ఎక్కించవద్దు. అప్‌లోడ్ రకంలో ‘కొత్తవారిని మాత్రమే చేర్చు’ ఎంచుకుంటే, ముందే ఖాతా ఉన్నవాళ్లను వదిలేస్తుంది, వాళ్లకు కోర్సూ అందదు. ‘కొత్తవారిని చేర్చు, ఉన్నవారిని మార్చు’ ఎంచుకోవాలి.

ఏళ్ల తరబడి ఒకే పని చేసేవాళ్లను కోహార్ట్‌లో (మూడుల్‌లో మనుషుల గుంపు) పెట్టి, దాన్ని కోర్సుకు కలిపాం. ప్లాంటు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనికి కొద్ది రోజులు వచ్చే ఫిట్టర్లు, వెల్డర్లను మాత్రం ఒక్కొక్కరిగా, ముగింపు తేదీ పెట్టి మాన్యువల్‌గా చేరుస్తాం. ఒకే మనిషిని రెండు దారుల్లోనూ చేర్చొద్దు. కోహార్ట్ నుంచి తీసేసినా మాన్యువల్ చేరిక వల్ల కోర్సులోనే ఉంటాడు, ఎందుకున్నాడో తర్వాత ఎవరికీ అర్థం కాదు.

మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టింది వేరే ఉంది. కోహార్ట్ నుంచి మనిషిని తీసేస్తే మూడుల్ మామూలుగా అతణ్ణి కోర్సు నుంచే తొలగిస్తుంది, మార్కులు గ్రేడ్‌బుక్‌లో (మార్కుల పట్టికలో) కనబడవు. ఆడిట్‌లో అడిగేవి సరిగ్గా అవే. కోహార్ట్‌ను కోర్సుకు కలిపే కోహార్ట్ సింక్ సెట్టింగ్‌లో ‘చేరికను నిలిపివేసి, రోల్స్ తీసేయి’ అన్నది మొదటి రోజే పెట్టుకోండి. అప్పటికే పోయినవాళ్లను మాన్యువల్‌గా మళ్లీ చేర్చేటప్పుడు పాత గ్రేడ్లు తిరిగి తెచ్చే టిక్ ఒకటుంటుంది. అది పెడితే చాలావరకు తిరిగొస్తాయి.

పేజీ తెరవగానే పాఠం పూర్తయినట్టు చూపించే షరతు మాత్రం పెట్టవద్దు. 2020 మే 7న విశాఖలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ అనే రసాయనం ఆవిరి జనం మీదికొచ్చిన ప్రాంతం ఇది. గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా నడవాలన్న సంగతి బుర్రకెక్కకుండా టిక్ పడకూడదు. క్విజ్‌లో పాస్ మార్కు పెట్టి, పాసైతేనే పూర్తయినట్టు లెక్కించమనాలి. పాస్ మార్కు సున్నాగా వదిలేస్తే ఆ షరతుకు అర్థం ఉండదు. క్రాన్ (సర్వర్‌లో వెనకపనులు వేళకు నడిపేది) సరిగ్గా నడవకపోతే పాసైనవాళ్లు కూడా కోర్సు పూర్తిచేయనట్టే కనబడవచ్చు; దాన్ని నిమిషానికోసారి నడిచేలా పెట్టాలి. జనం వచ్చి అడిగితే ముందు అదే చూడండి.

సాల్వెంట్ ప్రాంతంలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు కాబట్టి పాఠాలు షిఫ్టు అయ్యాక ట్రైనింగ్ రూంలోనే. రియాక్టర్ లాంటి పాత్రలోకి దిగడానికి అనుమతి పత్రం, అంటే వెసెల్ ఎంట్రీ పర్మిట్ రాసే ఇంజనీరుకు, ఆ పని కోర్సులో నాన్-ఎడిటింగ్ టీచర్ రోల్ (కోర్సును మార్చలేడు, రిపోర్టులు చూడగలడు) ఇచ్చాం. కంప్లీషన్ రిపోర్టులో దిగబోయే మనిషి పేరు ఎదురుగా టిక్ కనబడితేనే ఆయన సంతకం పెడతారు.