‘మీ జట్టు రిజిస్ట్రేషన్ పత్రం ఏదీ?’: భీమిలిలో సినిమా వేయడానికి నేను పడిన పాట్లు

మొన్న శనివారం రాత్రి మా భీమిలిలో, సముద్రానికి కూతవేటు దూరంలో ఉన్న ఖాళీ స్థలంలో తెర కట్టి ‘భీమిలి కబడ్డీ జట్టు’ సినిమా వేశాము. 2010లో తాతినేని సత్య దర్శకత్వంలో నాని నటించిన ఈ చిత్రానికి మూలం, అంతకు ముందు ఏడాది తమిళంలో వచ్చిన ‘వెన్నిల కబడి కుళు’ అని నాకు తెలుసు. అయినా గెలుపు మొహం ఎరుగని పల్లెటూరి కుర్రాళ్ళకు మా ఊరి పేరు పెట్టినందుకు ఆ సినిమా అంటే నాకు ప్రాణం. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు మాది. విశాఖ వాసులకు మాత్రం అది ఆదివారం బీచ్ రోడ్డు వెంట బండి తిప్పుకొని వెళ్ళే చోటు.

హక్కుదారుల అనుమతి లేఖ వారంలో వచ్చింది. ప్రొజెక్టరు అద్దెకు దొరికింది. రాత్రి పదింటికల్లా ఆపేయాలన్న షరతుతో మైకు అనుమతి కూడా ఇచ్చారు.

మిగిలింది స్థలం అనుమతి. అది ఇచ్చే కార్యాలయం పేరు చెప్పను. అక్షరదోషం ఒక్కటి లేకుండా నేను స్వదస్తూరితో రాసిన అర్జీలో, విషయం అన్నచోట ‘భీమిలి కబడ్డీ జట్టు ప్రదర్శనకు అనుమతి కోరుట’ అని ఉంది. సీనియర్ అసిస్టెంట్ దాన్ని చదివి, కళ్ళజోడు పైకి నెట్టి, “జట్టు రిజిస్ట్రేషన్ పత్రం ఏదీ మాస్టారూ?” అన్నాడు. ఇది సినిమా అండీ అని నేను చెప్పేలోగా ఫోను రావడంతో, ఆయన అర్జీ మీద ఎర్ర సిరాతో ‘ఆటగాళ్ళ జాబితా, ప్రథమ చికిత్స ఏర్పాట్లు జతపరచవలెను’ అని రాసేసి కాగితం నా వైపు తోశాడు.

మర్నాడు పోస్టరు రంగుల ప్రింటు తీసి పట్టుకెళ్ళాను. ఆయన దాన్ని పక్క బల్ల వాళ్ళకు చూపించి, “ఈ వయసులో ఈయన కూతకు వెళతాడేమో అనుకున్నాను” అని నవ్వితే, వరుసలో నిలబడిన పన్నెండు మందీ నవ్వారు. నా వయసు యాభై ఎనిమిది. ఒకప్పుడు ఏడుగురిలో నేనొకణ్ణి, మోకాలు మీద ఆ గుర్తు ఇప్పటికీ ఉంది. కానీ ఆ గదిలో ప్యాంటు పైకి మడిచి చూపించలేను కదా. నవ్వడం అయ్యాక, సినిమా అయితే తన సెక్షన్ కాదని మేడమీదికి పంపాడు. మేడమీది ఆవిడ, ఎర్ర సిరా రాత ఉన్నంతవరకు తాను ముట్టనని తిరిగి కిందికి పంపింది. కొత్త అర్జీ, కొత్త ఇన్‌వార్డు నంబరు, మరో నాలుగు రోజులు. మీరెవరైనా ఇలాంటి పనికి పూనుకుంటే మొదటి మాటే ‘చలనచిత్రం’ అని రాయండి. అర్జీ మాత్రం ఆ కళ్ళజోడు బల్ల మీద పెట్టకండి.

గాలికి తెర తెరచాపలా ఉబ్బితే నలుగురు కుర్రాళ్ళు తాళ్ళు పట్టుకొని కూర్చున్నారు. తెర మీద ఆటగాడు గీత దాటగానే వెనక వరుసలోంచి ముసలి గొంతులు ఊపిరి బిగబట్టి “కబడ్డీ, కబడ్డీ” అని అందుకున్నాయి. వాటిలో నాదీ ఒకటి. పదికి అయిదు నిమిషాలు ఉండగా ముగించాము.

స్థలానికి కట్టిన డిపాజిట్ రెండు వేలు ఇంకా చేతికి రాలేదు. దానికి వేరే అర్జీ పెట్టుకోవాలట, అది కూడా ఆ కళ్ళజోడాయనకేనట.