కెటూలో గెలెడె చూశాక మాస్కు కొనబుద్ధి కాలేదు

బెనిన్ వెళ్ళింది జీడిపిక్కల పని మీద. పలాస ఫ్యాక్టరీలకి మన పంట చాలదు కదా, సీజన్ వస్తే మాలాంటోళ్ళు ఆఫ్రికా పోవాల్సిందే. అక్కడి పెద్ద ఊరు కొటొనూలో వారం రోజులు గోడౌన్లు, బేరాలు, చెప్పడానికేం లేదు. ఒక్కటే చిరాకు, షాపులో చెక్క మాస్కుకి 40 వేల సీఫా (అక్కడి డబ్బు) చెప్పాడు, దేనికి వాడతారయ్యా అంటే "గోడకి" అన్నాడు.

మా ఏజెంటుది కెటూ, ఊళ్ళో గెలెడె, అంటే మాస్కులు పెట్టుకుని ఆడే ఆట, ఉంది రమ్మన్నాడు. షేర్ టాక్సీలో ఐదుగురు కూర్చునే చోట ఎనిమిది మందిమి, ఒళ్ళో ఎవరిదో కర్రపెండలం పిండి మూట, దారిలో పోబే అనే ఊరు దాటేసరికి కాళ్ళు తిమ్మిరెక్కాయి, పైగా నా చిన్న బ్యాగుకి కూడా వేరే డబ్బులు గుంజాడు.

గెలెడె అక్కడి యోరుబా-నాగో అనే జాతి వాళ్ళది, 2008 నుంచి యునెస్కో లిస్టులో కూడా ఉంది. అమ్మల కోసం చేస్తారు. అమ్మలంటే ఊళ్ళో ముసలమ్మలు, పోయిన పెద్దలు, అందరికీ మూలమైన తల్లి ఇయా న్లా. వాళ్ళ శక్తి ఊరిని నిలబెడుతుంది, కోపమొస్తే అదే ఊరిని పడగొడుతుంది, అందుకే ఆడిపాడి చల్లబరచాలి. ఆడేది మాత్రం మగాళ్ళు, ఆడవేషంలో! నాకు వెంటనే మా తిరుపతి గంగజాతర కళ్ళ ముందుకొచ్చింది. నాన్న మొక్కు తీర్చుకోడానికి అమ్మ చీర కట్టుకునేవాడు, కుచ్చిళ్ళు అమ్మే సర్దేది.

రాత్రి పాటలు. ఊళ్ళో ఎవరేం తప్పు చేశారో పాటలో కడిగేస్తుంటే జనం ఒకటే నవ్వు. మర్నాడు సాయంత్రం డప్పులు మొదలయ్యాక ఆడేవాళ్ళు ఇద్దరిద్దరుగా వచ్చారు. మాస్కు ముఖానికి కాదు, టోపీలాగా నెత్తిన పెట్టుకుంటారు, ముఖం మీద పల్చటి గుడ్డ, అందులోంచే చూస్తూ ఆడాలి. కింద చెక్కిన ముఖం ప్రశాంతంగా ఉంది, బుగ్గలకి మూడేసి గాట్లు, పైన మాత్రం పామూ పిట్టా కలియబడుతున్నాయి. పిట్ట అమ్మల దూత అంట. ఇనప అందెలు డప్పు దెబ్బకి సరిగ్గా పడుతుంటే ఆ చెక్క ముఖం ఊపిరి తీసుకుంటున్నట్టే ఉంది, షాపులో గోడకి వేలాడినప్పుడు అది నాకు వట్టి చెక్కే.

ఒంటికి చుట్టుకున్న రంగురంగుల గుడ్డలన్నీ ఇంటి ఆడవాళ్ళ తలగుడ్డలే, అడిగి తెచ్చుకున్నవి. మధ్యలో ఒకతని నడుం దగ్గర ముడి వదులైంది. జనంలోంచి ఒక పెద్దావిడ గబగబా వెళ్ళి, మోకాలి మీద కూర్చుని, పళ్ళ మధ్య కొస పట్టుకుని మరీ బిగించి కట్టింది. అతను కదలకుండా నిలబడ్డాడు. ఆవిడ వీపు మీద ఒక్కటి చరిస్తే మళ్ళీ ఆటలోకి దూకాడు.

అయిపోయాక ఆవిడే ఆ గుడ్డ విప్పి, వెలుతురుకి పట్టి ఎక్కడైనా చిరిగిందా అని చూసుకుని, నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుని ఇంటికెళ్ళిపోయింది.