బతుకమ్మ పాటకు సరిపోయే ఊపిరి

రెండేళ్ల కిందట హన్మకొండలో మా వాడకట్టు ఆడవాళ్లకు బతుకమ్మ పాట అందిస్తూ, అట్ల బతుకమ్మ నాటికే, అంటే ఐదవ రోజుకే, నా గొంతు బొంగురుపోయింది. చివరి రోజైన సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గర చప్పట్లు కొడుతూ తిరిగానే తప్ప ఒక్క చరణమూ ఎత్తుకోలేకపోయాను. ఆ బాధతోనే నలభై ఆరేళ్ల వయసులో సంగీతం నేర్చుకోవడానికి చేరాను.

మొదటి రోజు టీచరమ్మ నా చేత పాడించలేదు. "బిడ్డా, ఊపిరి తీస్తే భుజాలెందుకు లేస్తున్నయ్?" అని అడిగి, చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద ఒక నోటుపుస్తకం పెట్టారు. గాలి పీల్చినప్పుడు ఊపిరితిత్తుల అడుగునున్న ఉదరవితానమనే కండరం కిందికి దిగుతుంది కాబట్టి పుస్తకం పైకి లేవాలి. నా పుస్తకం కదలనే లేదు, ఛాతీ మాత్రం ఎగసిపడింది. అది కుదరడానికి వారం పట్టింది. ఆ తర్వాత పళ్ల సందుల్లోంచి సన్నగా 'స్‌స్' మంటూ గాలి వదలడం మొదలుపెట్టాను. తొలుత 11 సెకన్లు నిలిచిన ఊపిరి, నాలుగు నెలలకు 26 సెకన్ల దాకా వచ్చింది. ఊపిరితిత్తులు పెద్దవి కాలేదు, ఉన్న గాలిని పొదుపుగా వదలడం అలవాటైంది, అంతే. ఇప్పుడు తెల్లవారుజామున శ్రుతి పెట్టుకుని, మంద్రస్థాయిలో, అంటే కింది స్వరాల్లో, 'ఆ' అంటూ అకార సాధన చేసి, మాయామాళవగౌళ రాగంలో తొలి పాఠాలైన సరళీ స్వరాలు పాడుతున్నాను. మొదటి కాలంలో, అంటే అన్నిటికన్నా నెమ్మది వేగంలో, ఆదితాళం ఒక ఆవర్తనం (ఒక చుట్టు), ఎనిమిది అక్షరాలు, ఒకే ఊపిరిలో సాగాలన్నది నా నియమం.

తిండి విషయంలో నేను మార్చుకున్నది ముఖ్యంగా వేళ. రాత్రి పదింటికి మిరపకారం దట్టించిన కూర తిని వెంటనే పడుకుంటే, కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్ని, అన్నవాహిక మొదలుకు ఆనుకునే ఉండే స్వరపేటికను మండిస్తుంది. వరంగల్ మనిషిని, కారం మానలేను. దాన్ని మధ్యాహ్నానికి మార్చి, రాత్రి ఏడున్నరకే జొన్నరొట్టెతో భోజనం ముగిస్తున్నాను. పాడే ముందు గడగడా నీళ్లు తాగడం వల్ల స్వరతంతువులు తడవవు, నీరు అక్కడికి వెళితే పొలమారుతుంది. ఆ తడి ఒంట్లోంచే రావాలి కనుక రోజంతా కొద్దికొద్దిగా తాగాలి. లవంగం, అతిమధురం కాసేపు హాయినిస్తాయి, కాదనను. బొంగురు మూడు వారాలు దాటితే మాత్రం గొంతు డాక్టరుకు చూపించుకోవాల్సిందే.

నిరుడు మళ్లీ పాట అందించాను. అంతకుముందు నేను చరణం చెప్పడమే కాక, వెనుక అందరూ 'ఉయ్యాలో' అంటూ తిరిగి పాడేటప్పుడు కూడా వాళ్లతో గొంతు కలిపేదాన్ని. పెద్దవాళ్లు పాటలోనే ఊపిరికి చోటు విడిచారని నాకు అప్పుడు తోచలేదు. ఈసారి వాళ్లు అందుకోగానే నోరు మూసుకుని, భుజాలు కదలకుండా ముక్కుతో నిదానంగా గాలి తీసుకున్నాను. సద్దుల మరునాడు పొద్దున పాలాయన పిలిస్తే, ఎప్పటి గొంతుతోనే "వస్తున్నా" అన్నాను.