మైనం కొండ

న్యూయార్క్‌లో, మాన్‌హట్టన్ ఈస్ట్ విలేజ్‌లో, పన్నెండో వీధిలో 1908 నాటి ఇటాలియన్ హోటల్ 'జాన్స్'. ఎమ్మెస్ రోజుల్లో చేతిలో నాలుగు డబ్బులుంటే అక్కడికే పరుగు. లోపల కొవ్వొత్తుల మైనం కరిగి కరిగి కొండలా పేరుకుపోయి ఉంటుంది. 1933లో మద్యనిషేధం ఎత్తేసినప్పటి నుంచీ వెలిగిస్తున్నారట!

నేను మాంసం ముట్టను. పాలు, గుడ్లు కూడా లేని వీగన్ మెనూ విడిగా తెచ్చిస్తే ప్రాణం లేచొచ్చింది.

అమ్మ వచ్చినప్పుడు తీసుకెళ్లా. టమాటా సాస్ నాలిక్కి రాసుకుని, "బానే ఉందిరా, పోపు పెడితే మన పచ్చడే" అంది. అని ఊరుకుందా? బ్యాగులోంచి కారప్పొడి పొట్లం తీసింది! నేను తల దించుకున్నా. వెయిటర్ నవ్వేసి వెళ్లిపోయాడు.

నిన్న ఫోన్లో అడిగింది: "ఆ మైనం కొండ ఇంకా పెరిగిందా?"