నల్గొండ ఎండల్లో గ్రాఫిక్స్ కార్డు

విడిభాగాలు కొని ఇంట్లో బిగించుకున్న కంప్యూటరులో మానిటర్ నల్లబడగానే ఎవరైనా ముందుగా అనుమానించేది తెర మీది బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ కార్డునే. క్యాబినెట్‌లో అన్నిటికంటే ఎక్కువ ధర పెట్టి కొన్నది సాధారణంగా అదే కనుక భయం కూడా దాని మీదనే ఉంటుంది. నల్గొండలో తెలిసినవాళ్ల కంప్యూటర్లు చూసిపెడుతూ వచ్చిన నాకు ఏర్పడిన అభిప్రాయం ఏమిటంటే, కార్డుకు అందే కరెంటునూ దాని చుట్టూ ఆడే గాలినీ పరీక్షించనిదే కార్డు పోయిందని తేల్చకూడదు.

మిర్యాలగూడలో ఉండే మా అక్క కొడుకు మే నెల ఎండల్లో ఫోన్ చేసి, "మామా, కార్డు పోయినట్టున్నది. గేమ్ పెట్టిన కొద్దిసేపటికే స్క్రీన్ నల్లగైతున్నది, ఫ్యాన్లు మాత్రం గట్టిగ తిరుగుతున్నయి" అన్నాడు. విండోస్ మామూలుగా తెరుచుకుంటున్నదనీ, సినిమాలు చూస్తే ఏ ఇబ్బందీ లేదనీ కూడా చెప్పాడు. పని భారం పెరిగినప్పుడు మాత్రమే ఆగిపోతున్నదంటే వేడినో, విద్యుత్తునో, కార్డును నడిపే సాఫ్ట్‌వేరైన డ్రైవర్‌నో ముందుగా చూడాలి.

డ్రైవర్ సంగతి తొందరగానే తేలుతుంది. కార్డు దాదాపు 2 సెకన్ల పాటు బదులివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెట్టి, ఆ విషయాన్ని తన చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో 4101 అనే సంఖ్యతో నమోదు చేస్తుంది. అది కనిపించినా తప్పు డ్రైవర్‌దో కార్డుదో దానితోనే తేలదు. అందుకని ఇంటర్నెట్ తీసేసి, విండోస్‌ను అత్యవసరమైన వాటితోనే తెరిచే సేఫ్ మోడ్‌లో డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ప్రోగ్రాముతో పాతదాన్ని పూర్తిగా తొలగించి, కొత్తది వేసి చూడాలి. ఇంటర్నెట్ ఉంచితే మనం కొత్తది వేసేలోపే విండోస్ తనకు తోచిన డ్రైవర్‌ను దించుకుంటుంది. అల్లుడి కంప్యూటరులో ఇది చేసినా మార్పు రాలేదు.

అప్పుడు కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాము తెరిచి, సెన్సార్ల లెక్కలను ఫైలులోకి రాసే ఎంపికను టిక్ పెట్టి గేమ్ ఆడమన్నాను. ఈ చిన్న పనిని చాలామంది పట్టించుకోరు గానీ, స్క్రీన్ నల్లబడే ముందు రాసిన చివరి వరుసల్లోనే అసలు జవాబు ఉంటుంది. ఆ వరుసల్లో ఉష్ణోగ్రత ఎక్కడా ఆగకుండా 90 డిగ్రీలు దాటిపోయింది. క్యాబినెట్ పక్క తలుపు తీసి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి ఆడితే గేమ్ ఇంకా ఎక్కువసేపు నడిచింది. వేడే కారణమని దానితో స్థిరపడింది.

గదిలో వేడి ఎంత పెరిగితే కార్డు వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. గది 25 డిగ్రీలున్నప్పుడు 72 దగ్గర నిలిచే కార్డు, అదే భారంతో గది 40కి చేరితే 87కు చేరువవుతుంది. దానికి తోడు ఆ ఇల్లు రైస్ మిల్లులకు దగ్గర. కార్డు ఫ్యాన్ల వెనుక వేడిని బయటికి లాగే హీట్‌సింక్ రేకుల మధ్య ఊక దుమ్ము దట్టంగా పేరుకుని ఉంది. ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్‌తో ఊదాము. వారంటీ ఎప్పుడో తీరిపోయింది కనుక హీట్‌సింక్ విప్పి, చిప్పు వేడిని హీట్‌సింక్‌కు చేర్చే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటే తుడిచి కొత్తది కూడా పెట్టాము. బెడద పోయింది.

ఉష్ణోగ్రత మామూలుగానే ఉండి స్క్రీన్ నల్లబడితే మాత్రం నా చూపు కంప్యూటరుకు కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ మీదికి పోతుంది. మదర్‌బోర్డు స్లాటు నుంచి కార్డుకు అందేది గరిష్ఠంగా 75 వాట్లు; ఎనిమిది పిన్నుల కేబుల్ మరో 150 వాట్లు ఇవ్వగలదు. జీటీఎక్స్ 1660 సూపర్ వంటి 125 వాట్ల కార్డుకు ఇది ధారాళమే, కానీ ఎస్ఎంపీఎస్ నిజంగా అంత ఇస్తేనే. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉన్నా, పక్కనున్న పట్టికలో 12 వోల్టుల గడి కింద 24 ఆంపియర్లే ఉంటే ప్రాసెసరుకూ కార్డుకూ కలిపి మిగిలేది 12ను 24తో గుణిస్తే వచ్చే 288 వాట్లే. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా ఇచ్చే ఎస్ఎంపీఎస్‌లను నేను అసలు నమ్మను. కరెంటు పోయి ఇన్వర్టరుకు మారే క్షణంలోనే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంటే కార్డును విప్పడం దండగ. ఇన్వర్టరుకు వేగంగా మారే యూపీఎస్ మోడ్ ఉంటే ముందు దాన్ని ఎంచుకుని చూడాలి.

కొత్తగా బిగించినప్పుడు అసలు డిస్‌ప్లేనే రాకపోవడం వేరే సంగతి. హెచ్‌డీఎంఐ కేబుల్‌ను కార్డుకు బదులు మదర్‌బోర్డుకు పెట్టడమే అందులో తరచుగా కనిపించే పొరపాటు. పేరు చివర ఎఫ్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండవు కాబట్టి ఆ పోర్టు నుంచి ఎన్నటికీ బొమ్మ రాదు. కార్డు స్లాటులో క్లిప్పు పడేదాకా దిగిందో లేదో, ర్యామ్ సరిగా కూర్చుందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

విండోస్ కంటే ముందు వచ్చే, డ్రైవర్ ఇంకా లోడ్ కాని బయోస్ తెర మీదనే రంగురంగుల గళ్లు, చారలు కనిపిస్తూ, కేబుల్, మానిటర్ మార్చినా పోకపోతే అప్పుడు కార్డులోని మెమొరీనో చిప్పునో అనుమానించాల్సిందే. వీలైతే ఆ కార్డును ఇంకొకరి కంప్యూటరులో పెట్టి నిర్ధారించుకుని, వారంటీ ఉంటే విప్పకుండా, సీరియల్ నంబరు స్టిక్కరు చెరగకుండా, బిల్లుతో సహా సికింద్రాబాదు సర్వీస్ సెంటరుకు పంపాలి. కార్డును ఓవెన్‌లో కాల్చి బతికించే వీడియోలు చూసి ఎవరూ ఆ పనికి దిగవద్దు. అలా బతికిన కార్డు ఎన్నో రోజులు నిలవదు, పైగా వారంటీ కూడా పోతుంది.